ఏ ప్యానెల్?

భిలాయిలో ప్యానెల్ అంటే ఒకప్పుడు ఒకటే: ఉక్కు కర్మాగారంలో పట్టాలు అతికి రైల్వేకి పంపే 260 మీటర్ల ముక్క. ఇప్పుడు టీకొట్టు దగ్గర ఆ మాట అంటే పక్కవాడు గొంతు తగ్గించి ‘ఏ ప్యానెల్?’ అంటాడు. ఈ రెండోదానికి దల్లీ రాజహరా గనుల ఇనుపరాయి అక్కర్లేదు. నాలుగు ఫోన్లు, పరాయి పేర్ల మీద పది బ్యాంకు ఖాతాలు ఉంటే పందేల దుకాణం తెరుచుకున్నట్టే.

2023 మార్చి 18, తెల్లవారుజాము. సెక్టార్ క్వార్టర్ వరండాలో మనవడి మొహం మీద ఫోను వెలుగు. సిక్కోలు నుంచి వచ్చి రైల్ మిల్లులో రిటైరైనా ఫస్ట్ షిఫ్ట్ మెలకువ పోని తాత బయటికొచ్చాడు.

“ఏటిరా, నిద్దరోలేదా?”

“ఫెయిర్లీ డికిన్సన్ ఆడతంది తాతా. బక్క జట్టు. గెలిస్తే మనకి పంటే.”

“ఆ కాలేజీ ఏ ఊరు?”

“అమెరికా.”

“అమెరికాలో ఏ ఊరురా?”

మనవడికి తెలియదు. తన కాలేజీ మొహం చూసి ఎన్నాళ్లయిందో కూడా తెలియదు. తాత మళ్లీ అడగలేదు.

బక్క జట్టు అన్నమాట మాత్రం నిజం. అమెరికా పైశ్రేణి కాలేజీ బాస్కెట్‌బాల్ జట్లన్నిటిలోకీ పొట్టి జట్టు అది. సొంత లీగ్ ఫైనల్లో ఓడిపోయింది కూడా. గెలిచిన మెరిమాక్‌కు ఇంకా అర్హత రాకపోవడంతో జాతీయ టోర్నీ లోపలికొచ్చింది. ఎదురుగా మొదటి ర్యాంకు పర్డ్యూ. అందులో 7 అడుగుల 4 అంగుళాల జాక్ ఈడీ. (ఈడీ అనగానే భిలాయిలో కొందరు వెనక గుమ్మం వైపు చూస్తారు. ఇది బంతి ఆడే ఈడీ.) పొట్టివాళ్లు 63-58తో గెలిచారు. మనవడు వీధి అదిరేలా కేకేశాడు.

“డబ్బులు సేతికొచ్చాయా?”

“పందెం ఐడీలో పడ్డాయి తాతా.”

ఆ టోర్నీలో 1985 నుంచి ఆ ఏడాది దాకా మొదటి ర్యాంకు జట్టుకూ పదహారో ర్యాంకు జట్టుకూ 152 మ్యాచ్‌లు జరిగితే, పదహారోవాడు గెలిచినవి 2. మొదటిది 2018లో, వర్జీనియా మీద యూఎంబీసీ గెలుపు. పందెంరాయుడికి ఆ 2 మాత్రమే గుర్తుంటాయి. సంక్రాంతి బరిలో బక్క కోడి మీద పైపందెం కాసేవాడిదీ ఇదే జ్ఞాపకశక్తి.

భిలాయిలో నిజంగా పంట పండించుకున్న బక్కవాడు వేరే ఉన్నాడు. జ్యూస్ దుకాణం నడిపిన సౌరభ్ చంద్రాకర్ పందెం కాసే వైపు నుంచి కాయించే వైపుకు మారాడని, దుబాయ్ నుంచి మహాదేవ్ యాప్ నడిపించాడని ఈడీ, అంటే ఢిల్లీ ఈడీ, ఆరోపణ. ప్యానెళ్లు 70-30 వాటాకి ఇచ్చారట. మొదట్లో కాస్త గెలుపు రుచి చూపించి, చివరికి ఆటగాడే ఓడేలా ఆట నడిపేవారట. 2023 ఫిబ్రవరిలో రాస్ అల్ ఖైమాలో పెళ్లికి 200 కోట్ల దాకా ఖర్చయిందట. ఈ ‘అట’లన్నీ తేల్చాల్సింది కోర్టు. అదే ఏడాది నవంబరు 5న కేంద్రం నిలిపేసిన 22 యాప్‌లు, సైట్లలో ఒకదానికి దేవుడి పేరు, ఇంకోదానికి ‘రెడ్డి అన్న’ పేరు. దేవుడి పక్కనే మనకూ పీట వేశారు, సంతోషం.

ఇంతకీ బాస్కెట్‌బాల్ ఈ ఊరికి ఫోన్లోంచి రాలేదు. పంత్ స్టేడియంలో కోచ్ రాజేశ్ పటేల్ 2018లో పోయేదాకా ఆడపిల్లలతో బంతి ఆడించాడు. ఛత్తీస్‌గఢ్ నుంచి ఆకుల కవిత, ఆ ఇంటిపేరు ఏ ఊరి గాలిదో చెప్పక్కర్లేదు, 2010లో ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి ఎంపికైన 8 మంది పిల్లల్లో ఒకరు. తర్వాత అరిజోనాలోని గ్రాండ్ క్యానియన్ యూనివర్సిటీకి ఆడింది. ఆమె మీద ఏ ప్యానెల్ భావ్ పలికింది? క్వార్టర్ వరండాలో ఎవడు తెల్లవార్లూ మేలుకున్నాడు?

పర్డ్యూ మీద గెలిచిన రెండు రోజులకి ఫెయిర్లీ డికిన్సన్ 78-70తో ఫ్లోరిడా అట్లాంటిక్ చేతిలో ఓడింది. ఐడీలో ఉన్నదంతా మనవడు మళ్లీ బక్కవాళ్ల మీదే పెట్టాడు. తాత వేపపుల్ల నములుతూ చూస్తుండగా ఫోను మోగింది. తెలియని నంబరు నుంచి మెసేజ్: “సార్, రీచార్జ్ చేయమంటారా? బోనస్ ఉంది.”

ఇరవై రెండేళ్ల బతుకులో మనవణ్ని సార్ అన్నది ఆ నంబరే.