ఎర్రసిరా అయివారు

పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పం బడుల్లో తెలుగు చెప్పే పెద్దమనిషిని ఊరు అయివారంటుంది. వీరిలో ఎర్రసిరా అయివారిది ప్రత్యేకమైన శాఖ. జేబులో రెండు ఎర్ర పెన్నులుంటాయి, ఒకటి మొరాయిస్తే రెండోది. పిల్లవాడు ఏం రాశాడన్నది ఆయనకు ఆఖరి సంగతి. ముందు మార్జిను, తర్వాత కొట్టివేతలు, ఆపైన ఒత్తులు, దీర్ఘాలు. విషయం దాకా వచ్చేసరికి గంట కొట్టేస్తారు.

డిక్టేషన్ రోజు ఆయనకు పండగ. ఒత్తక్షరం వస్తోందని పిల్లలకు తెలియాలి గనక ఊపిరి బిగబట్టి వదులుతారు. ముందు బెంచీ మీద తుంపర పడుతుంది. ఆ ఊపులో ‘బాధ’లోని రెండక్షరాలూ పేలతాయి. తరగతంతా ‘భాధ’ అని రాస్తుంది. అందరికీ అరమార్కు పోతుంది.

“మీరు అట్లే చెప్పినారు కద సార్!”

“నేను చెప్పేది కాదురా, సరిగ్గా ఉండేది రాయల్ల!”

కర్ణాటక అంచు ఊళ్ళలో కన్నడం కూడా దిద్దిన పిల్లవాడు తలకట్టును అడ్డంగా సాగదీస్తాడు. తెలుగు తలకట్టు ఎట్లుండాలో చూపడానికి అయివారు ఆ అక్షరం నెత్తిన ఎర్రసిరాతో ఒకటి పెడతారు. అది అచ్చం రైటు గుర్తులాగే ఉంటుంది. పేజీ నిండా రైట్లే చూసుకున్న పిల్లవాడు సంబరంగా ఇంటికి పోతాడు.

కుప్పం వైపు చిక్కు వేరు. తమిళ లిపిలో క, గలకు ఒకటే అక్షరం. త, దలకూ అంతే. ఒత్తక్షరాల ఊసే లేదు. అరవం మాట్లాడే ఇంటి పిల్లవాడు ‘గాంధి’ని ‘కాంతి’ అని రాస్తే అది అజాగ్రత్త కాదు, ఇంటి లిపి అలవాటు. అయివారు మాత్రం ‘పదిసార్లు రాయి’ అంటారు. పిల్లవాడు ‘కాంతి తాత’ అని పదిసార్లూ గుండ్రంగా రాసుకొస్తాడు.

ఇంట్లో మాట్లాడే తెలుగు కూడా ఆయన లెక్కలో అక్షర దోషమే. వ్యాసంలో ‘ఆవు ఉండాది’ అని కనిపిస్తే కొట్టేసి ‘ఉంది’ అని దిద్దుతారు. దిద్దుతూనే, “నీ తలకాయలో ఏముండాదిరా?” అని గద్దిస్తారు.

దస్తూరి మీద ఉపన్యాసానికి ఆయనకు దగ్గర్లోనే సాక్ష్యముంది. 1919లో మదనపల్లె థియోసాఫికల్ కళాశాలకు వచ్చిన రవీంద్రనాథ్ టాగూర్ జనగణమనను అక్కడే ఇంగ్లీషులోకి అనువదించి, స్వయంగా చేత్తో రాశారు. “చూడండ్రా, మహానుభావుల దస్తూరి!” అంటారు అయివారు. అదే టాగూరు తన చిత్తుప్రతుల్లో కొట్టివేతలను కలిపి పక్షులుగా, మృగాలుగా బొమ్మలు గీసేవారన్నది ఆయన చెవిన పడలేదు. కొట్టివేతకు అరమార్కు చొప్పున కోస్తే విశ్వకవికి సున్నా కూడా మిగలదు.

మదనపల్లె దగ్గర్లోనే రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం మరో దారి చూపింది. అక్కడి పద్ధతిలో పాఠం నిచ్చెనలా ఉంటుంది. పిల్లవాడు తన మెట్టుకు తగిన కార్డు తీసుకుని తన వేగంతో ఎక్కుతాడు. మధ్యమధ్య మూల్యాంకనం కార్డు వస్తుంది. తడబడితే ఆ మెట్టుకే మళ్ళీ అభ్యాసం. ‘భాధ’కు, ‘కాంతి తాత’కు, ‘ఉండాది’కి వేర్వేరు మందులు కావాలని ఒప్పుకునే పద్ధతి ఇది. శిక్షణకు పోయి అదంతా చూసిన అయివారు అడిగేది ఒకటే: “కార్డుకు మార్జిను ఏదీ?”

2009 విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనం చేయమంది. దాంతో నిర్మాణాత్మక మూల్యాంకనాల్లో (ఎఫ్‌ఏ) రాతపనులకూ మార్కులు వచ్చి చేరాయి. ఏడాదంతా అరమార్కులు కోసిన అయివారు వాటిని నింపేది రిజిస్టరు ఇవ్వాల్సిన చివరి రోజున. ‘గాంధి’ రాసినవాడికి ఎన్నో, ‘కాంతి’ రాసినవాడికీ అన్నే. ఎందుకని హెడ్‌మాస్టరు అడగరు, తల్లిదండ్రులు అడగరు, పిల్లలు అసలే అడగరు.