కట్ దగ్గర మెరిసి మాయమయ్యే ఒక్క ఫ్రేముకు బహిరంగ లేఖ

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. నీ కుశలం కోరేవాళ్లు ఏ టీవీ ఆఫీసులోనూ లేరు కనుక నేరుగా విషయానికి వస్తాను.

మంత్రిగారి బైట్ అయిపోతుంది. రన్‌డౌన్‌లో దాని తర్వాతి క్లిప్పు వరద విజువల్స్. ఆ రెంటి సందులో నువ్వు దూరతావు. ఒకసారి నల్లగా వస్తావు, ఇంకోసారి మంత్రిగారి తర్వాత మైకుల ముందుకు తోసుకొచ్చిన మనిషి సగం మొహం వేసుకుని వస్తావు. మన టీవీ సెకనుకు 25 ఫ్రేముల లెక్కన నడుస్తుంది కాబట్టి నీ ఆయుష్షు 40 మిల్లీసెకన్లు. రెప్పపాటు కూడా పట్టదు. ఇంట్లో చూసేవాళ్లు ‘ఏదో మెరిసినట్టుందే’ అనుకుని ఊరుకుంటారు. పీసీఆర్‌లో, అంటే ప్రొడక్షన్ కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న ప్యానెల్ ప్రొడ్యూసర్‌కు మాత్రం చెవి పక్కన టపాసు పేలినట్టే ఉంటుంది. మరుక్షణం టాక్‌బ్యాక్‌లో ఒకటే కేక: “ఎవడ్రా ఎడిటర్?”

నాకు మండేది ఆ కేక దగ్గరే. నీ పుట్టుకలో ఎడిటర్ చెయ్యి అప్పుడప్పుడూ ఉంటుంది, కాదనను. కానీ చాలాసార్లు నిన్ను కనేది రెండు యంత్రాలకు కుదరని లెక్క.

టైమ్‌కోడ్ పదో సెకను మొదటి ఫ్రేము మీద ఇన్, ఇరవయ్యో సెకను మొదటి ఫ్రేము మీద అవుట్ కొట్టాం. క్లిప్పులో ఫ్రేములెన్ని? అవుట్ కొట్టిన ఫ్రేమునూ కలుపుకుంటే 251, వదిలేస్తే 250. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో పేరున్నవి తెర మీద కనిపిస్తున్న ఫ్రేమును కలుపుకునే అవుట్ గుర్తు పెడతాయి. ఎడిట్ల చిట్టా ఉంటుందే, ఈడీఎల్, అందులో మాత్రం అవుట్ అంటే క్లిప్పులోకి రాని తర్వాతి ఫ్రేము. సీబీఎస్, మెమొరెక్స్ కలిసి 1971లో పెట్టిన సీఎంఎక్స్ వాళ్ల పద్ధతి అది. ఆ కంపెనీ పోయినా చిట్టా ఇంకా బతికే ఉంది. ‘వదిలేయ్’ అని రాసిన అంకెను ఇంకో యంత్రం ‘కలుపుకో’ అని చదివిందా, నువ్వు పుట్టినట్టే. తిరకాసు అటువైపు పడితే ఒక ఫ్రేము తగ్గుతుంది. దాని కోసం ఎవరూ కేకలెయ్యరు!

నీకు ఇంకో పుట్టిల్లు ఉంది, లాంగ్ జీఓపీ. ఆ పద్ధతిలో దాచే ఎక్స్‌డీక్యామ్‌లో సెకనుకు 50 మెగాబిట్ల వీడియో గంటకు దాదాపు 22.5 జీబీ తింటుంది. ఏ ఫ్రేముకా ఫ్రేము పూర్తిగా దాచే ఏవీసీ ఇంట్రా 100 అయితే 45. ఇరవైనాలుగు గంటలూ ఫీడ్లు ఇన్‌జెస్ట్ చేసే న్యూస్ ఛానెల్ యజమాని ఏది ఎంచుకుంటాడో వేరే చెప్పాలా? అగ్గువ దాంట్లో అరసెకనుకు అటూఇటూగా ఒక పూర్తి బొమ్మ ఉంటుంది, మధ్య ఫ్రేముల్లో మార్పులు మాత్రమే ఉంటాయి. తొందరలో, మళ్లీ ఎన్‌కోడ్ చెయ్యకుండా తుంచితే కొన్ని టూల్స్ మనం అడిగిన చోటు వదిలేసి దగ్గర్లోని పూర్తి బొమ్మ దగ్గర తుంచుతాయి. అప్పుడు నువ్వొక్కదానివే రావు, బంధుమిత్ర సపరివార సమేతంగా దిగుతావు.

క్రికెట్ వాళ్లను చూస్తే అసూయ నాకు. ఈవీఎస్ సర్వర్ ముందు కూర్చున్న రీప్లే ఆపరేటర్ బంతి బంతికీ లైవ్‌లోనే ఇన్ కొట్టి, లివరు తోసి స్లో మోషన్ నడుపుతాడు. అవుట్ గురించి ఆలోచించే తీరికెక్కడిది? అయినా అక్కడ నీ ఆటలు సాగవు. రీప్లేకి ముందూ వెనకా టోర్నమెంట్ లోగో తెరంతా కప్పుకుంటూ పోతుంది, కట్ ఆ చాటున జరిగిపోతుంది. వరద వార్తకు లోగో తిప్పితే జనం తిడతారు.

నిన్ను టైమ్‌లైన్ మీద వెతికి లాభం లేదు. అక్కడ అంతా శుభ్రంగా ఉంటుంది. ఎక్స్‌పోర్ట్ అయి, సర్వర్‌లోకి చేరాక, చివరి పది ఫ్రేములు జాగ్ తిప్పుతూ ఒక్కొక్కటే చూస్తే దొరుకుతావు. బులెటిన్‌కు రెండు నిమిషాలుండగా ఆ పని ఎవరు చేస్తారు? ప్యాకేజీ చివరి షాట్‌ను రెండు మూడు సెకన్లు పొడిగించి ఉంచడం, క్లిప్పు అయిపోతే బ్లాక్‌కు పోకుండా చివరి ఫ్రేము మీదే ఆగేలా సర్వర్‌ను పెట్టడం, ఇవి నీ నల్ల వేషానికి మందు. సగం మొహానికి ఇవి పనిచెయ్యవు. దానికి కావలసింది ఒక్క ప్రశ్న: “మీ అవుట్ ఫ్రేము క్లిప్పు లోపలా, బయటా?” సర్వర్ అమ్మడానికి వచ్చినవాణ్ణి ధర అడిగే ముందు ఇది అడగాలి. ఆ జవాబు ఇన్‌జెస్ట్‌లోనూ ఎడిట్ బేలోనూ గోడకు అంటించాలి. మా వాళ్లు ఏసీ టన్నేజీ అడిగారు గానీ ఇది అడగలేదు.

ఈలోగా నీకో కబురు. ఇప్పుడు ప్రతి బైట్‌కూ అవుట్‌ను రెండు ఫ్రేములు వెనక్కి లాగి కొడుతున్నాం. మంత్రిగారి ఆఖరి అక్షరం కాస్త తెగుతోంది. ఆయనతో సహా ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

ఇట్లు,
ఒక వీడియో ఎడిటర్