అడిగెటోళ్లు ఏడవోయిండ్రు?

మా కాలంల వర్గల్‌కు కొత్త మనిషి వచ్చిండంటె నోరు నొయ్యంగ జవాబులు చెప్పాల్సిందే. బస్సు దిగి పది అడుగులు ఏసెలోపట అరుగు మీది ముసలోడు ఆపెటోడు. "ఏ ఊరు బిడ్డా? ఎవలింటికి? మీ నాయిన పేరేంది?" తూప్రాన్ అన్నడా, ఇగ చిక్కిండే. "తూప్రాన్ల ఏ వాడ? మా మేనత్తను ఆడనే ఇచ్చిండ్రు." ఆఖరికి ఏదో ఒక చుట్టరికం తేలేది. తేలకుంటె ముసలోడే కలిపెటోడు. కలిపినంక చాయ పొయ్యకుండ ఎట్ల పంపుతరు? ఇప్పటి పోరగాండ్లకు ఇదంత నచ్చది, ప్రైవసీ అంటరు. ఎదురుంగ నిలవడి అడుగుడు మర్యాద కాదట, అడగకుండనే దొంగ అనుడు మాత్రం తెలివట!

గంగిరెద్దులోళ్లు, బాలసంతులు, పిట్టల దొర, ఎందరు తిరగలే మా వాడకట్టుల? బుడబుక్కలాయన అయితె తెల్లారకముందె, కుక్కలు మొరుగుతుంటె, ఢమరుకం కొట్టుకుంట ఇంటింటి ముంగట నిలవడెటోడు. ఇయ్యాల గట్ల తిరిగితె మిద్దె మీదికెల్లి ఫోటో తీసి, చుట్టు ఎర్ర గీత గీసి, "జాగ్రత్త" అని గ్రూపుల ఏస్తరు.

మేం దేవుండ్లం అంటలేను. 2016 అక్టోబర్ల సిద్దిపేట జిల్లా అయ్యేదాక మేం మెదక్ జిల్లోళ్లం, మెదక్ అంటెనే బాణామతి అనెటోళ్లు. పోరనికి జెరమొస్తె ఒంటరి ముసలామె మీద పడుడు, పండ్లు రాలగొట్టుడు. ఆ పాపం తెలిసిన మనుషుల మీదనే చేసినం. అది వేరె రోగం, దాని లెక్క వేరె. నేను చెప్పేది మొఖం సూడని మనిషి సంగతి.

2018 ఎండకాలం యాది చేసుకోండ్రి. పిల్లలను ఎత్తుకపోయెటోళ్లు దిగిండ్రని ప్రతి ఫోన్ల వీడియోలే. మోటర్ సైకిల్ మీద ఇద్దరొస్తరు, గల్లీల ఆడుకునే పోరన్ని ఎత్తుకుంటరు, పోతరు. అది కరాచీల, పిల్లలను కనిపెట్టుకొని ఉండుండ్రని తల్లిదండ్రులకు చెప్పనీకి తీసిన చిన్న సినిమా. చివర్ల వాళ్లే పోరన్ని తిరిగి తెచ్చి దించుతరు, రాసిన అట్ట చూపెడ్తరు. ఎవడో ఆ చివరే కత్తిరించిండు.

మే నెలల బీబీనగర్ దగ్గర జియాపల్లిల ఒక ఆటో డ్రైవర్‌ను కొట్టి సంపిండ్రు. అదే నెల 26న చాంద్రాయణగుట్టల, రంజాన్ దినాలల్ల అడుక్కోనీకి పాలమూరు దిక్కునుంచి వచ్చిన హిజ్రాను. జులై 13న బీదర్ జిల్లాల, హైదరాబాద్ ఇంజనీర్‌ను. దోస్తు ఖతర్ నుంచి తెచ్చిన చాక్లెట్లు బడిపిల్లలకు పంచిండ్రు, అంతే, పిల్లలను ఎత్తుకపోయెటోళ్లని జనం చుట్టుముట్టిండ్రు. తప్పించుకొని కారు తీస్తె, కారు కంటె ముందుగాల్నే వీడియో ముర్కి ఊరికి చేరింది. ఆడ తొవ్వకు అడ్డం చెట్టు ఏసి పెట్టిండ్రు.

నాకు జియాపల్లి ముచ్చటే మింగుడు పడది. ఆ పిలగాడు చుట్టాలింటికి వచ్చిండు! "ఎవలింటికొచ్చినవ్?" అని ఒక్కడు అడిగినా అయిపోవు. ఆ ఇల్లు ఆ ఊళ్లెనే ఉన్నది.

హిందీ మాట్లాడితె అనుమానమే అని గూడ ఆ రోజులల్ల పుకారు. మా వర్గల్ల నవోదయ ఉన్నది. ఆ బడులల్ల తొమ్మిదో తరగతిల హిందీ రాష్ట్రాల పిల్లలు కొందరు ఏడాదికోసం ఇటు దిక్కు వస్తరు, మన పిల్లలు అటు పోతరు. ఒకరినొకరు ఎరుక కావాలనే ఆ పద్ధతి పెట్టిండ్రు. ఇగ గుట్ట మీద సరస్వతమ్మ దగ్గరికి వసంత పంచమి నాడు ఎక్కడెక్కడోళ్లో అక్షరాభ్యాసానికని పసిపిల్లలను ఎత్తుకొని వస్తరు. ఎత్తుకొచ్చినోళ్లందరిని గుంజకు కట్టేద్దామా?

గద్వాల, వనపర్తి దిక్కు మాత్రం తెలివిగల్ల పని జరిగింది. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరికొక కానిస్టేబుల్‌ను అప్పజెప్పిండ్రు. వాళ్లు ఇండ్లకు పోయి కూసోని మాట్లాడిండ్రు. అంత ఎండలల్ల గూడ జనం వాకిట్ల పండుకుంటలేరు, పిల్లలను లోపటేసి తలుపులు పెట్టుకుంటున్నరు అని గట్లనే బయటపడ్డది. ఎనక డప్పు కొట్టి, పాటలు గట్టి ఊరూరు తిరిగి ఆ వీడియోలు ఉత్తవని చెప్పిండ్రు. ఆ రెండు జిల్లాలల్ల ఒక్క పానం పోలే. కొత్త యంత్రమేం తేలే, అరుగు మీది ముసలోని పనికే ఖాకీ తొడిగిండ్రు.

వాట్సాప్ కంపెనోళ్లు గూడ అదే జులైల మేల్కొని, వచ్చిన ముచ్చటను ఒక్కపారి ఐదు చోట్లకే పంపాలె, అంతకు మించొద్దు అన్నరు. మంచిదే. గని ఆ ఐదు చోట్లు ఐదుగురు మనుషులు కారు, అప్పుడు ఐదు గ్రూపులైనా నడిచేది. అప్పట్ల ఒక్కో గ్రూపుల 256 మంది దాక ఉండొచ్చు. లెక్క చెయ్యుండ్రి, పన్నెండు వందల ఎనభై మంది. మా ఊళ్లె దండోరా ఏసెటోడు గొంతు పోయేదాక అరిచినా అంతమందికి ఇనవడకపోవు. దీన్ని కట్టడి అన్నరు!