వంటింటి జీర్ణోద్ధరణము

50,000 రూపాయలలో వంటిల్లు క్రొత్తది కావలెనని సంకల్పించిన గృహస్థుఁడు మొదట చేయు పని కాగితము, పెన్సిలు పుచ్చుకొని అంచనా వేయుట. రెండవది, ఆ కాగితమును భార్య కంటఁబడని చోట దాఁచుట. మా వీధిలో నొక మహాశయుఁడు, చింతపండు పులుసు తాఁకిన చోటనెల్ల వెలవెలబోయినను ముప్పదియేండ్లుగా సంసారమును మోసిన కడప నాపరాతి గట్టును పగులఁగొట్టించి, గ్రానైటు పఱపించెను. గట్టు కదలఁగానే గోడలోని ఇనుపగొట్టము తుప్పుపట్టి బయటపడినది. మేస్త్రి ముందే “తీసినాక చూద్దాం లెండి” అని సెలవిచ్చియుండెను; ఈ యొక్క వాక్యము ఖరీదును ఏ అంచనాపట్టికయు నెఱుఁగదు.

ఇఁక పొదుపు ఆరంభమైనది. తడి తగిలిన అప్పడమువలె నుబ్బు పార్టికల్ బోర్డు సింకు క్రిందికిని, నీటి కోర్చు 710 ముద్ర మెరైన్ ప్లైవుడ్డు చుట్టముల చూపు తగులు పై అలమారులకును కేటాయింపఁబడినవి. పొగను వెలికిఁబంపు ఫ్యాను, కనఁబడు వస్తువు కాదు గనుక, వచ్చే సంక్రాంతికి వాయిదాపడినది.

గట్టు ఎత్తునకు మాత్రము యజమానియే స్వయముగా నిలిచి తన నడుము కొలత యిచ్చెను. ఆయన ఆ గదిలోనికి వచ్చునది మంచినీళ్లకే. ఇప్పుడు ఇల్లాలు అటకమీఁదినుండి పెండ్లిపీటను దింపి, దానిపై నిలిచి పప్పునకు తాలింపు పెట్టుచున్నది.