సాంచా బెదిరింపు శాస్త్రం

పదో తరగతి పిల్లవాణ్ణి లెక్కల పుస్తకం ముందు కూర్చోబెట్టడానికి లోకంలో మూడు సంప్రదాయాలున్నాయి. ప్రలోభవాదులు బైకు ఇప్పిస్తామంటారు. నిగ్రహవాదులు ఫోను బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఉపమానవాదులు ఎదురింటి అబ్బాయి మార్కులు వల్లిస్తారు. వీటిని వదిలేద్దాం. నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడిపే సూరత్‌లో, లింబాయత్ వైపు మన పద్మశాలీల ఇళ్లలో పెరిగిన నాలుగో సంప్రదాయమే ఇక్కడ విషయం.

సూత్రం: “లెక్కలు రాకుంటే సాంచాల మీదికే పోతవ్, బిడ్డా.”

భాష్యం: సాంచా అనగా మరమగ్గం. వక్త రాత్రి షిఫ్టు దిగి వచ్చినవాడై ఉండాలి. బనీను మీద పోగుల నూగు ఉంటే ప్రభావం రెట్టింపు. శ్రోత చెవిలో ఇయర్‌ఫోన్ ఉంటే సూత్రం వ్యర్థం. వంటింట్లోంచి తల్లి పలికే వత్తాసు వార్తికం.

పూర్వపక్షం: లెక్కలు రానివాడికి సాంచా మీద ఏం పని? అంగుళానికి 40 పేక పోగులు పడాలి, సాంచా నిమిషానికి 160 వేస్తుంది. ఎక్కడా ఆగకపోతే గంటకు ఎంత బట్ట? ఆరు మీటర్ల పైచిలుకు. దాన్ని మీటరు కూలితో హెచ్చవేసి, పోగు తెగి ఆగిన సమయం తీసేసి, సేఠ్ చిట్టీలో తేడా పట్టేది ఆ తండ్రే, అదీ కాగితం లేకుండా. జకార్డ్ 1804లో చిల్లుల అట్టలతో మగ్గానికి డిజైను నేర్పితే, బాబేజ్ ఆ అట్టల ఉపాయాన్నే తన లెక్కల యంత్రానికి తెచ్చుకున్నాడు. ఆ లెక్కన బీరువాలో తాళం పడ్డ ఫోనుకు మగ్గం ముత్తాత వరస.

అదే సూరత్‌లో వజ్రాలు సానపట్టే వరాఛా శాఖలో పాఠాంతరం: “చదవకపోతే వజ్రాలు రుద్దుకుంటావ్.” గుండ్రటి బ్రిలియంట్ కట్‌కు 57 ముఖాలు, లోపలికెళ్లిన వెలుగు మళ్లీ పైకే రావాలంటే ఏ కోణాల్లో చెక్కాలో టోల్కోవ్‌స్కీ 1919లో లెక్కగట్టి పుస్తకమే రాశాడు. సంపూర్ణాంతర పరావర్తనం చదవనన్నవాణ్ణి, దాన్ని చేతుల్తో చేసే చోటికి పంపడం శిక్షా, ప్రమోషనా?

సిద్ధాంతం: తండ్రి భయపెట్టేది లెక్కతో కాదు, పన్నెండు గంటల షిఫ్టుతో, ఆ చప్పుడుతో. ఈ వ్యాసకర్త మతం మాత్రం వేరు: కూలి చిట్టీ కొడుకు చేతికిచ్చి సరిచూడమంటే చాలు, నిష్పత్తులు వాటంతటవే ఎక్కుతాయి. తండ్రులు ఒప్పుకోరు. చిట్టీ చూస్తే లెక్కతో పాటు జీతమూ తెలిసిపోతుంది.

ఇక మిగిలింది శ్రోతల ఆక్షేపణ: “నీకు గిన్ని లెక్కలొస్తే నువ్వెందుకు సాంచాల మీదున్నవ్, బాపూ?”

దీనికి భాష్యకారుల ఏకగ్రీవ సమాధానం: “ముందు పుస్తకం తియ్.”