చెప్పి వెళ్లిపోయేవారు

ఇప్పటి టీవీల్లో వార్తలు చదివే పిల్లలకి అంత తొందరేమిటో నాకు అంతుపట్టదు. కొంపలంటుకున్నట్టు కేకలు. తీరా చూస్తే ఎవరో హీరోగారు తిరుపతి వెళ్లొచ్చారు!

మా రోజుల్లో పోస్టాఫీసులో లైసెన్సు కట్టి మరీ రేడియో వినేవాళ్లం. పొద్దున్నే విజయవాడ నుంచి ప్రాంతీయ వార్తలు, ఆ తర్వాత సంస్కృతం, దాని వెనకాలే ఢిల్లీ నుంచి తెలుగు. కందుకూరి సూర్యనారాయణ, అద్దంకి మన్నార్ గొంతులు మా పర్చూరు వైపు అరుగులన్నిటికీ తెలుసు. ఇంటిపేరులో అద్దంకి ఉంది కాబట్టి మన్నార్ గారు మావాడేనని మా వాళ్లు తీర్మానించేశారు. ఆయన్ని అడిగిందెవరు! వార్తలొస్తుంటే మిరప కల్లంలో తాలుకాయలు ఏరే ఆడవాళ్లు కూడా మాటలాపేవాళ్లు. ధరవరల దగ్గరికొచ్చేసరికి మా నాన్న చెయ్యెత్తేవాడు. అంతే, పిల్లాడు దగ్గినా తప్పే.

ఇక శాంతిస్వరూప్ గారు. 1983 నవంబర్ 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో తొలిసారి తెలుగు వార్తలు చదివింది ఆయనే. మా మెట్ట పల్లెలకి టీవీ వచ్చేసరికి ఇంకొన్నేళ్లు పట్టిందనుకోండి. కళ్లజోడు, కోటు, చేతిలో కాగితాలు. ఎదురుగా అక్షరాలు కదిలే ప్రాంప్టర్ లేని కాలం. వార్తల్ని ముందే బట్టీపట్టి వచ్చేవారట. ఒక్కసారి కాగితం వంక చూసి, తలెత్తి, వాక్యం మొత్తం మన కళ్లలోకి చూస్తూ చెప్పేవారు. ఎక్కడా తడబాటు లేదు. మంత్రి రాజీనామా చేసినా, రైలు పట్టాలు తప్పినా గొంతు అదే. ఏడవాలో నవ్వాలో మనకి వదిలేసేవారు. ఆయన భార్య రోజారాణి గారూ వార్తలు చదివారు. భోపాల్ విషవాయువు మీద ఆయన ‘రాతి మేఘం’ అని నవల కూడా రాశారు. 2011లో పదవీ విరమణ చేశారు, 2024 ఏప్రిల్ 5న పోయారు. ఆ రోజు ఛానళ్లన్నీ గొప్పగా నివాళులర్పించాయి. అయిదు నిమిషాలైనా ఆయనలా చదివి ఉంటే బాగుండేది.

అలాగని అప్పుడంతా పాలూ తేనే అనను. అది సర్కారు గొంతు. ప్రారంభోత్సవాలు ముందు, మా పత్తిచేలో తెల్లదోమ ఎప్పటికో. పురుగుమందు అప్పులు తీరక రైతులు అదే మందు తాగి చనిపోయిన ఏళ్లలో వాళ్ల గోడు ఆ వార్తల్లో ఎంత వినబడింది? ఇప్పుడైతే నాలుగు కెమెరాలొస్తాయి, అది ఒప్పుకోవాలి. వచ్చి, ఏడుస్తున్న ఇల్లాలి నోటికి మైకు ఆనిస్తాయి.

2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది చూశారా, అప్పుడు తీయాల్సిన పత్తి ఇంకా చేలోనే ఉంది. ఎన్ని గంటలకి దాటుతుంది, గాలి ఎంత వేగం, ఈ రెండే నాకు కావాలి. 1977 ఉప్పెన తర్వాత మా తరం తుపాను కబురంటే చెవులు రిక్కించి వినేది. మచిలీపట్నానికి ఆగ్నేయంగా ఇన్ని కిలోమీటర్లని రేడియోలో ఒక్క వాక్యంలో తేల్చేవారు. మిచౌంగ్ అప్పుడు నేను పెట్టిన ఛానల్లో ఒకబ్బాయి మోకాటి లోతు నీళ్లలో నిలబడి ‘నీళ్లు ఎలా ఉన్నాయో మీరే చూడండి’ అంటాడు. చూస్తూనే ఉన్నాం నాయనా! కింద ఎర్ర పట్టీ, పక్కన నగల కొట్టు ప్రకటన, మధ్యలో భయపెట్టే సంగీతం. గంటసేపు చూశాక కూడా కూలోళ్లని పిలవాలో వద్దో తేలలేదు.

ధరల సంగతి చెప్పనే అక్కర్లేదు. గుంటూరు యార్డులో నిన్న తేజ మిర్చి ఎంత పలికిందో తెలియాలంటే ఇప్పుడు కమీషన్ కొట్టు గుమస్తాకి ఫోన్ చెయ్యాలి. ఆయనగారు ఎత్తితే.