ఇన్‌బాక్సా, అటకా?

జీమెయిల్ 2004 ఏప్రిల్ 1న వచ్చింది. 1 జీబీ జాగా ఉచితం అనేసరికి, తేదీ చూసి చాలామంది ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు. ఇక మెయిళ్లు చెరపనక్కర్లేదు, వెతుక్కుంటే చాలన్నది అప్పటి ఊరింపు. మనవాళ్లు అందులో సగమే విన్నారు. చెరపడం మానేశారు, వెతకడం మొదలుపెట్టలేదు!

ఇప్పుడు ఉచిత జాగా 15 జీబీ. ఫొటోలూ, డ్రైవూ అందులోనే కాపురం. చీరల డిస్కౌంట్లు, ఏనాడో దిగిపోయిన రైలు టికెట్లు, క్రెడిట్ కార్డు తీసుకోండి బాబూ అన్న బతిమాలుళ్లు... అన్నీ భద్రం. రిటర్ను గడువు నాటి రాత్రి ఫారం-16 మాత్రం దొరకదు. "సార్, మళ్లీ ఒక్కసారి పంపరా?" అని ఆఫీసు అకౌంట్సు ఆయనకు ఫోను. ఆ కొత్త కాపీ కూడా అదే గుట్టలోకి.

పైన వెతుకుపెట్టె ఉంది మహాప్రభో! హ్యాజ్, కోలన్, అటాచ్‌మెంట్ అని కొడితే ఫైళ్లు జతచేసినవే వస్తాయి. లార్జర్, కోలన్, 10ఎం అంటే జాగా మింగే బండ మెయిళ్లు బయటపడతాయి. (ఇంగ్లిషులోనే కొట్టాలి లెండి.) లేబుళ్లూ ఉన్నాయి, ఒక్క మెయిలుకే రెండుమూడు తగిలించవచ్చు. కొందరు ఉత్సాహవంతులు 'అర్జెంట్', 'వెరీ అర్జెంట్', 'తర్వాత చూద్దాం' అని పెట్టుకున్నారు. మెజారిటీ మూడోదానిదే.

జాగా నిండితే కొత్త మెయిళ్లు రావు. నెలనెలా అద్దె కట్టి అదనపు జాగా కొనే మారాజులారా, ముందు ఆ ప్రమోషన్ల ట్యాబు తుడవండి. తుడిచినవి చెత్తబుట్టలో 30 రోజులుంటాయి. అన్నాళ్లు ఆగకుండా జాగా తిరిగి కావాలంటే దాన్నీ ఖాళీ చేయాలి.